బోదమూల: ఒక ఇంగ్లిషు ఇంటిపేరు వెనక నేల

రెండు నెలల కిందట మా కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి ఒక మెసేజి వచ్చింది. ఎవరు రాశారో తెలియదు, ఎన్ని ఫోన్లు దాటి వచ్చిందో తెలియదు, చివరికి మా పెద్దనాయన చేతికి చేరితే ఆయన మాకందరికీ పంపారు. ఇంగ్లిషు నవలాకారుడు థ్యాకరే కలకత్తాలో పుట్టాడట. ఆ పేరు మన "ఠాకూర్" నుంచే వచ్చిందట. మన మాటే సముద్రం దాటిపోయి దొరల ఇంటిపేరైందట. ముంబై ఠాకరేలదీ ఆ నవలాకారుడిదీ ఒకటే వేరట. కింద పది పన్నెండు మంది దండాలు పెట్టారు. పెద్దనాయన మాత్రం నన్ను విడిగా అడిగారు: "నువ్వు ఆ దేశంలోనే ఉండావు కదమ్మా, నిజమేనా ఇది?"

నేనుండేది లీడ్స్‌లో. ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుని. తుంటి కీలు మార్పించుకున్నవాళ్ళను మంచం దించి మళ్ళీ నడిపించడం నా రోజువారీ పని. ఈ ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళకు థ్యాక్రే అన్న పేరు కొత్త కాదు. చార్లెస్ థ్యాక్రే అనే ఆయన 1902లో లీడ్స్‌లో మందుల షాపు తెరిచాడు. తర్వాత్తర్వాత ఆ షాపే ఆపరేషన్ పనిముట్లు చేసే కంపెనీ అయింది. జాన్ చార్న్‌లీ అనే సర్జను రూపొందించిన కృత్రిమ తుంటి కీలును తయారుచేసింది వీళ్ళే. ఒకప్పుడు దిక్కులేని పేదలను పెట్టి పనిచేయించిన పాత భవనంలో 1997 నుంచి థ్యాక్రే పేరుతో వైద్య మ్యూజియం నడుస్తోంది. అందుకని ఆ పేరు నాకెప్పుడూ దొరల పేరులా వినపడలేదు. మందుల వాసనా, స్టీలు పనిముట్లూ గుర్తుకు తెచ్చే పేరు అది.

పెద్దనాయనకు "కాదు" అని ఒక్క ముక్కలో జవాబు పెట్టేయొచ్చు. పెట్టలేదు. ఆయన అడిగిన తీరులో ఒక ఆశ ఉంది, అది నాకు తెలుసు. ఎందుకుందో చెప్పాలంటే ముందు ఆ పేరు సంగతి చెప్పాలి.

మూలలో పెరిగిన గడ్డి

థ్యాక్రే ఒక చోటి పేరు. మా లీడ్స్ ఉన్న యార్క్‌షైర్‌లో, హారోగేట్ పట్టణానికి పడమరగా, వాష్‌బర్న్ అనే చిన్న ఏరు పారే లోయలో, గ్రేట్ టింబుల్ పక్కన ఉండేది ఆ చోటు. స్కాండినేవియా నుంచి సముద్రం దాటి వచ్చిన వైకింగులు తెచ్చిన నార్స్ భాషలో "థాక్" అంటే ఇంటి కప్పు, కప్పు వేసే గడ్డి. "వ్రా" అంటే మూల. వైకింగులు యార్క్ నగరాన్ని పట్టుకున్నది 866లో. ఆ తర్వాత తరతరాలుగా ఇక్కడ సాగు చేసుకుని బతికినవాళ్ళు తమ భాషలోనే చెలకలకూ వాగులకూ పేర్లు పెట్టుకున్నారు. దక్షిణ ఇంగ్లండులో కప్పుగడ్డిని "థ్యాచ్" అంటే, ఉత్తరాదిలో "థ్యాక్" అనే అనేవాళ్ళు. మా కర్నూలు వైపు మాటల్లో ఆ పేరును తిప్పి చెప్పమంటే నేను "బోదమూల" అంటాను. బోద కోసుకొచ్చి కొట్టం కప్పుకునే ఊళ్ళలో పుట్టినదాన్ని, నాకు ఇంతకంటే దగ్గరి మాట దొరకలేదు. జమ్మలమడుగు అన్న పేరు జమ్ము పెరిగిన మడుగు నుంచి వచ్చిందంటారు. అదీ ఇదీ ఒక తీరు పేర్లే.

చోటి పేరు మనిషి పేరు ఎలా అవుతుంది? ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. బోదమూలలో ఉన్నన్నాళ్ళూ ఎవరినీ "బోదమూల ఆయన" అనరు, అక్కడున్నవాళ్ళంతా బోదమూల వాళ్ళే కదా. ఆ మూల వదిలి పక్క ఊరికి పోయినప్పుడు, అక్కడ ఇంకో ముగ్గురు విలియములూ నలుగురు జానులూ ఉన్నప్పుడు, కొత్త ఊరివాళ్ళు పెట్టే గుర్తు అది. 1379 నాటి తలపన్ను చిట్టాలు యార్క్‌షైర్ పడమటి భాగానివి మిగిలి ఉన్నాయి. వాటిలో "ఫలానా ఊరి ఫలానా" అని వరసగా రాసి ఉంటుంది. పన్ను గుమాస్తా గుర్తు కోసం రాసుకున్నవి ఒకటి రెండు తరాల్లో గట్టిపడి ఇంటిపేర్లయ్యాయి. అంటే ఊరి పేరు ఇంటిపేరైందంటే ఆ మనిషి ఆ ఊరు విడిచిపెట్టినట్టు లెక్క. మన దగ్గర ఊళ్ళ పేర్లున్న ఇంటిపేర్లకూ ఇదే వర్తిస్తుందని నా నమ్మకం.

ఆ తర్వాత రాసేవాడి చెవిని బట్టీ చేతిని బట్టీ థ్యాక్రే, థ్యాక్రా, థ్యాకరీ, థ్యాక్‌వ్రే, థ్యాకరే అని పేరు పాయలుగా చీలింది. 1831లో ఏ వృత్తి చేసేవాళ్ళకు ఏ జబ్బులొస్తాయో పుస్తకంగా రాసిన లీడ్స్ డాక్టరు చార్లెస్ టర్నర్ థ్యాక్రా. ఈ ఊరి మిల్లుల దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో రాసిన మనిషి, నా వృత్తివాళ్ళు తలుచుకోవాల్సిన మనిషి. నవలాకారుడి పేరులో అదనంగా ఒక అక్షరం ఉంటుంది. అక్షరం ఎక్కువైనంత మాత్రాన వంశం పెద్దదైపోదు. ఆయన పూర్వీకులూ ఈ చుట్టుపక్కల హ్యాంప్స్‌త్వైట్ అనే ఊరి రైతులే. అక్కడ 1693లో పుట్టిన థామస్ అనే కుర్రవాడు చదువుకుని పైకొచ్చి హారో స్కూలుకు హెడ్‌మాస్టరయ్యాడు. అప్పట్నించి ఆ ఒక్క పాయ దశ మారింది.

ఇక ఆ మూల సంగతి. ఇప్పుడు అది లేదు. లీడ్స్ మిల్లులకూ జనానికీ నీళ్ళు చాలక 1870లలో వాష్‌బర్న్ లోయలో వరసగా మూడు జలాశయాలు కట్టారు: లిండ్లీ వుడ్, స్విన్‌స్టీ, ఫ్యూస్టన్. చివరిదైన ఫ్యూస్టన్ 1879లో నిండింది. బోదమూల దాని అడుగున ఉంది. నా వంటింట్లో కుళాయి తిప్పితే వచ్చేది ఏ జలాశయం నీళ్ళో విడదీసి చెప్పలేను గానీ, ఈ నగరం దాహానికే ఆ మూల మునిగింది.

పెద్దనాయన అడిగిన వారానికి అక్కడికి వెళ్ళాను. స్విన్‌స్టీకీ ఫ్యూస్టన్‌కీ మధ్య కట్ట మీద నడవొచ్చు. ఒక పక్క పైన్ చెట్లు. నీళ్ళు నల్లగా, ముడత లేకుండా ఉన్నాయి. ఈతకు దిగొద్దని బోర్డు ఉంది. ఇక్కడొక చోటుండేదనీ, దాని పేరు మోసుకుని మనుషులు ప్రపంచమంతా తిరుగుతున్నారనీ చెప్పే బోర్డు కోసం వెతుక్కున్నాను, నా కంటికి కనపడలేదు. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయనను అడిగితే "నీళ్ళ కింద ఊరంటే పైన థ్రస్‌క్రాస్ కదా" అన్నారు. ఆయన తప్పేం లేదు. అదే ఏటి మీద 1966లో ఇంకో జలాశయం కట్టి వెస్ట్ ఎండ్ అనే ఊరిని ముంచారు. కరువు వచ్చి నీళ్ళు ఇంకితే ఆ ఊరి గోడలు బయటపడతాయి, జనం వెళ్ళి ఫొటోలు తీసుకుంటారు. వందేళ్ళ లోపల మునిగింది జ్ఞాపకం ఉంది, నూట నలభై ఏళ్ళ కింద మునిగింది లేదు.

థకారం, ఠకారం

మెసేజి రాసినాయన పొరపాటు ఎక్కడ పడ్డాడో చెప్పడం కష్టం కాదు. ఇంగ్లిషు పేరు మొదట ఉన్నది నాలుకను పళ్ళకు ఆనించి పలికే థ. మరాఠీ పేరు మొదట ఉన్నది నాలుక మడిచి పలికే ఠ. మరాఠీలో రాసినా తెలుగులో రాసినా ఈ రెండూ ఎక్కడా కలవవు. రోమన్ లిపిలో మాత్రం రెంటికీ అవే రెండక్షరాలు. కలకత్తా ఠాకుర్లు ఆ లిపిలో టాగోర్లయ్యారు, ముంబై ఠాకరేలు థ్యాకరేల స్పెల్లింగులో ఒదిగిపోయారు. చుట్టరికం కలిపింది లిపి, నేల కలపలేదు.

పైగా ఆ ఒదగడం కోరి చేసింది. పత్రికాసంపాదకుడూ సంఘ సంస్కర్తా అయిన కేశవ్ సీతారాం ఠాకరే, ప్రబోధన్‌కార్‌గా పేరుపొందినాయన, ఆ ఇంగ్లిషు నవలాకారుడి మీది అభిమానంతో తన పేరుకు ఆ స్పెల్లింగు పెట్టుకున్నారని చెబుతారు. వాళ్ళ ఇంట్లో ముందు తరం పన్వేల్ ఊరిని బట్టి పన్వేల్‌కర్ అని కూడా పిలిపించుకుంది. అంటే ఆ ఇంట్లోనూ ఒక ఊరి పేరు ఉండింది, పోయింది. నాకు మెసేజిలోని కట్టుకథ కంటే ఈ నిజమే బాగుంది. ఒక రచయితను ఇష్టపడి అతని పేరు రాత తీరు మార్చి తన పేరుకు తొడుక్కోవడంలో ఒక చదువరి ప్రేమ ఉంది.

రక్తం ఒకచోట, పేరు ఒకచోట

ఇంటిపేరంటే వంశం, వంశమంటే రక్తం అనుకుంటాం. థ్యాకరేల కథ చదివినకొద్దీ నాకు ఆ లంకె తెగిపోయింది.

హెడ్‌మాస్టరు గారి ఆఖరి కొడుకు విలియం మేక్‌పీస్ థ్యాకరే 1766లో ఈస్ట్ ఇండియా కంపెనీ కొలువుకు బెంగాలు వచ్చాడు. సిల్హెట్‌లో కలెక్టరుగా ఉంటూ ఏనుగుల వ్యాపారం చేసి, పదేళ్ళలో సంపాదించుకుని వెళ్ళిపోయాడు. అతని కొడుకులు కూడా వరసగా ఇటే వచ్చారు. అందులో రిచ్‌మండ్ కలకత్తాలో రెవిన్యూ బోర్డు సెక్రటరీ. ఇతనికి 1811లో పుట్టిన కొడుకే నవలాకారుడు, తాత పేరే పెట్టారు. కానీ రిచ్‌మండ్‌కు అంతకుముందే 1804లో ఒక కూతురు ఉంది. తల్లి షార్లెట్ సోఫియా రడ్, ఆమెకు భారతీయ మూలాలున్నాయంటారు. పెళ్ళి లేదు. తండ్రి వీలునామాలో తల్లీకూతుళ్ళిద్దరికీ చోటుంది గానీ ఆ అమ్మాయి సారా రెడ్‌ఫీల్డ్‌గానే పెరిగింది. సగం రక్తం పంచుకున్న తమ్ముడి పేరు లోకమంతా తెలిసింది, అక్కకు ఆ పేరు పెట్టుకునే హక్కు దక్కలేదు.

ఇంకోవైపు చూడండి. నవలాకారుడికి కొడుకులు లేరు, ఆడపిల్లలే. పెద్దమ్మాయి యాన్ రచయిత్రి అయింది, 1877లో పెళ్ళయ్యాక యాన్ థ్యాకరే రిచ్చీ అని పుట్టింటి పేరును నడుమ దాచుకుంది. చిన్నమ్మాయి మినీ, లెస్లీ స్టీఫెన్ అనే రచయితను పెళ్ళాడింది. నవలాకారుడి సంతానంలో ఇంటిపేరు అక్కడితో ఆగింది. రక్తసంబంధం ఏమీ లేని ముంబై ఇంట్లో ఆ స్పెల్లింగు ఈనాటికీ నడుస్తోంది. రక్తం ఉన్నచోట పేరు లేదు, పేరు ఉన్నచోట రక్తం లేదు.

నవలాకారుడి పెదనాన్న విలియం సంగతి నన్ను ఇంకా కుదిపింది. 1800లో నిజాం నుంచి దత్తమండలాలు కంపెనీ చేతికొచ్చినప్పుడు అక్కడి కలెక్టరు మన్రో కింద పనిచేసిన నలుగురు సబ్ కలెక్టర్లలో ఇతనొకడు. మన్రో పేరు మా వైపు ఇప్పటికీ ముసలివాళ్ళ నోట మర్యాదగా వస్తుంది, పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నవాళ్ళున్నారు. విలియం థ్యాకరే పేరు ఎవరూ ఎత్తరు. ఇతను 1807లో, రైతు దగ్గరే నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతిని సమర్థిస్తూ రాసిన రిపోర్టు మాత్రం పార్లమెంటు దాకా పోయింది. అందులో ఒక వాదన ఉంది. ఇంగ్లండులో భూమి మీది ఆదాయం కొన్ని కుటుంబాలను సంపన్నంగా ఉంచడం మంచిదే, దేశానికి పాలకులు కావాలి కదా అంటాడు. ఇండియాలో అయితే సంపద వల్ల వచ్చే పొగరునూ స్వతంత్రాన్నీ లోతైన ఆలోచననూ అణచాలంటాడు. ఇక్కడ మనకు సేనాపతులూ రాజనీతిజ్ఞులూ శాసనకర్తలూ అక్కర్లేదు, కష్టపడి పండించే రైతులు చాలు అని తేల్చేస్తాడు.

ఆ మాటలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడు తరాల ముందు హ్యాంప్స్‌త్వైట్‌లో చెలక దున్నుకున్న ఇంటి నుంచి వచ్చినవాడు, గడ్డి కోసుకునే మూల పేరును సంతకంగా పెట్టుకున్నవాడు, మా తాతల గురించి రాసిన మాటలివి. తన పేరుకు అర్థం అతనికి తెలుసా? తెలిసుంటే ఆ వాక్యం వేరేగా వచ్చేదని అనుకునేంత అమాయకత్వం నాకు లేదు. అయినా అడగాలనిపిస్తుంది. 1824లో అతని తమ్ముడు సెయింట్ జాన్ థ్యాకరే, ధార్వాడ కలెక్టరు, కిత్తూరు రాణి చెన్నమ్మ సైన్యం చేతిలో చనిపోయాడు. కన్నడిగులకు థ్యాకరే అంటే ముందు గుర్తొచ్చేది ఆయనే.

ఇంటిపేరు అడిగేది ఎందుకు

ఇంతా చెప్పి నేను అనేది ఒక్కటే. ఇంటిపేరును చిరునామాలాగా చదవాలి. ఎవరికి పుట్టాం అన్నది కాక, మనల్ని మొదట ఏ మూలవాళ్ళని పిలిచారు అన్నది అడగాలి. యార్క్‌షైర్ ఇంటిపేర్ల మీద జీవితమంతా పనిచేసిన జార్జ్ రెడ్‌మండ్స్ చెప్పిందీ ఈ దారే. నిఘంటువులో అర్థం చూసి పుస్తకం మూసేయొద్దు, ఆ పేరు ఏ ఊళ్ళో, ఏ కాలంలో, ఏ కాగితంలో మొదట కనపడుతుందో చూడమన్నాడు. యార్క్ వీధుల్లో షాపుల్లో ఇంటిపేరు చెబితే సింహం బొమ్మతో డాలు ముద్ర అచ్చేసి ఇస్తారు. అలాంటి ముద్రలు ఒక మనిషికి, అతని వారసులకు ఇచ్చినవి. అదే పేరున్న అందరివీ కావు. ఆ సింహం మీద పెట్టే డబ్బులతో హ్యాంప్స్‌త్వైట్‌కు బస్సెక్కి పోయి రావొచ్చు.

నా మాటకు ఎదురు చెప్పేవాళ్ళ దగ్గర బలమైన కారణాలే ఉన్నాయి. అన్నిటికంటే గట్టిది మన దగ్గరిదే. తెలుగునాట ఇంటిపేరు అడగడమంటే చాలాసార్లు కులం అడగడమే. నాతో కాలేజీలో చదివిన ఒక స్నేహితురాలు హైదరాబాదులో అద్దె ఇంటికి పోయినప్పుడు ఇంటి ఓనరమ్మ ముందు అడిగింది అదే. పేరు విన్నాక "మా అన్నతో మాట్లాడి చెప్తాను" అందట. చెప్పలేదు. ఆ తర్వాత నా స్నేహితురాలు ఇంటిపేరు ఒక్క అక్షరం చేసి పెట్టుకుంది, తన కూతురికి అదీ పెట్టలేదు. ఆమెకు వెళ్ళి "నీ ఇంటిపేరు నీ నేల జ్ఞాపకం, కాపాడుకో" అని చెప్పగలనా? చెప్పలేను. ఈ వ్యాసంలో నా ఇంటిపేరు నేను రాయకపోవడానికీ ఇదే కారణం. రాస్తే సగం మంది మిగతాది చదవకుండా నా కులం లెక్క వేస్తారు.

రెండో కారణం మా ఆస్పత్రిలో దొరికింది. టీ కౌంటరు దగ్గర వారానికి రెండు రోజులు ఉచితంగా పనిచేసే ఒక పెద్దావిడ ఉన్నారు, ఆమె బ్యాడ్జీ మీద థ్యాక్రే అని ఉంటుంది. వాష్‌బర్న్ లోయ సంగతి ఉత్సాహంగా చెప్పాను. ఆమె కప్పులు తుడుస్తూ అంతా విని, "అది మా ఆయన పేరమ్మా. నా పేరు నలభై ఏళ్ళ కింద పోయింది" అన్నారు. తన పుట్టింటి పేరు చెప్పి, అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూసి పెట్టమన్నారు. నేనూ అంతే కదా. పాస్‌పోర్టులో ఉన్నది అత్తగారింటి పేరు. నా పుట్టింటి ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆ ఊరు కృష్ణలో ఉంది.

శ్రీశైలం ప్రాజెక్టు కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్ళు పోయాయి. 1981లో ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు, సప్తనదుల దగ్గరి సంగమేశ్వరం ప్రతి ఎండాకాలం నీళ్ళలోంచి లేస్తుంది. గుళ్ళకు లెక్క ఉంది. గుడి లేని ఊళ్ళకు, ఊరి లోపలి మూలలకు, వంకలకు, దిబ్బలకు లెక్క ఎక్కడుంది? పెద్దనాయన ఆ మెసేజి నిజమైతే బాగుండునని ఎందుకు ఆశపడ్డారో ఇప్పుడు తెలిసిందా? ఊరు పోయినవాడికి ఏదో ఒక పేరు దూరదేశంలోనైనా బతికి ఉందంటే ఊరట.

నా స్నేహితురాలి ఇబ్బందికీ నా వాదనకూ పొంతన కుదిరే దారి నాకు ఇదొక్కటే కనపడుతోంది. పేరు పెట్టుకోవడం మానేయాలంటే మానేయండి. చిరునామా మాత్రం ఎక్కడో ఒకచోట రాసిపెట్టండి. బోదమూల అన్న అర్థం మనకు మిగిలింది ఎవరి గొప్ప వల్లా కాదు, పన్ను గుమాస్తా కాగితం మీద పెట్టడం వల్ల.

మొన్న ఆదివారం పెద్దనాయనకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఠాకూర్‌కూ దీనికీ సంబంధం లేదన్నప్పుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫ్యూస్టన్ నీళ్ళ సంగతి చెప్పాక "అయితే వాళ్ళదీ మునిగిందా" అన్నారు. మన ఊళ్ళో చేలకూ మూలలకూ ఉన్న పేర్లు చెప్పు పెద్దనాయనా, రాసుకుంటాను అన్నాను. ఈతమాను వంక, సుంకులమ్మ కట్ట, దొడ్డిబాయి, గొర్లదిబ్బ, ఉప్పుమడి, ఇలా గంటలో పంతొమ్మిది చెప్పారు. ఏది ఏ దిక్కునుందో గోడ మీద వేలితో గీసుకుంటూ చెబుతున్నారని వెనక నుంచి పెద్దమ్మ అంది.

మాలపల్లె అవతల పేర్లు అడిగితే ఆగిపోయారు. "ఆ పక్క నాకు తెలీదుమ్మా. మేం పోయేవాళ్ళం కాదు గదా." ఇంకాసేపటికి ఆయనే అన్నారు: "నాతో ఐదో తరగతి దాకా సదివినోడు ఒకడుండాడు, ఇప్పుడు ఆత్మకూరు కాలనీలో కొడుకు దగ్గరుంటాడు. వానికి ప్రతి గట్టూ తెలుసు. వాని నంబరు కనుక్కోని పంపిస్తా, నువ్వే మాట్లాడు."

నోటుబుక్కులో ఎదురు పేజీ ఖాళీగా వదిలాను. నంబరు ఇంకా రాలేదు.